రిమోట్ అవతల పెట్టు, తమ్ముడూ

తమ్ముడికి ఆశీస్సులు.

'గ్రెమ్లిన్స్ 2' సినిమా డిస్క్ మీద నువ్వు రాసిన సమీక్ష అందింది. భాష శుభ్రంగా ఉంది, దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు నీ మూడో పేజీలో ఉన్న ఒక విషయం తేల్చుకోవాలి. "సినిమా నడుమ ఫిల్ము కాలిపోయి తెర తెల్లబడిపోతుంది. పాత బొమ్మను బాగుచేసి రీమాస్టర్ చేశామని అట్ట మీద రాసుకుని ఇంత లోపాన్ని వదిలేయడం అన్యాయం. నెక్స్ట్ నొక్కి ముందుకు వెళ్ళాల్సి వచ్చింది" అని రాశావు. పైగా పిక్చర్ క్వాలిటీలో ఒక స్టార్ కోశావు.

చదివి ముందు పగలబడి నవ్వాను. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

అది లోపం కాదయ్యా, జోకు. 'గ్రెమ్లిన్స్ 2' మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన జోకు. 1990 జూన్‌లో అమెరికాలో ఆ సినిమా విడుదలైనప్పుడు హాల్లో కూర్చున్నవాళ్ళు కూడా నీలాగే ఉలిక్కిపడి, వెనక్కి తిరిగి ప్రొజెక్టర్ గది వైపు చూసి ఉంటారు. దర్శకుడు జో డాంటే కోరుకున్నదీ అదే. ఇంకాసేపు ఓపిక పట్టి ఉంటే ఆ తెల్ల తెర మీద గ్రెమ్లిన్ల, అంటే ఆ సినిమాలోని చిట్టి అల్లరి పిశాచాల, నీడలు నీకూ కనబడేవి. అవి ప్రొజెక్టర్ గదిలో దూరి, సినిమా ఆపేసి, వేళ్ళతో నీడబొమ్మలు ఆడిస్తాయి. అది చాలక ఇంకో రీలు ఎక్కిస్తాయి, బట్టల్లేకుండా వాలీబాల్ ఆడే జనాల పాత రీలు. పిల్లల్ని తీసుకొచ్చిన ఒక తల్లి లాబీలో మేనేజర్‌ని పట్టుకుని దులిపేస్తుంది. ఆయన వెళ్ళి ప్రేక్షకుల్లో కూర్చున్న రెజ్లర్ హల్క్ హోగన్‌కి మొరపెట్టుకుంటాడు. హోగన్ లేచి గద్దిస్తే తప్ప అసలు సినిమా మళ్ళీ మొదలవదు. ఇదంతా నీ నెక్స్ట్ బటన్ కింద నలిగిపోయింది.

దీనికి ఇంకో రూపం కూడా ఉంది, అది తెలియకుండా ఈ డిస్క్ గురించి రాయడం కుదరదు. అదే సినిమా వీడియో క్యాసెట్టుగా వచ్చినప్పుడు ఈ ముక్క తీసేసి దాని స్థానంలో కొత్తది పెట్టారు. ఇంట్లో వీసీఆర్ ముందు కూర్చున్నవాడికి హాల్లో ఫిల్ము కాలితే ఏమిటి, కాలకపోతే ఏమిటి? అందుకని క్యాసెట్టులో టేపు పాడైపోయినట్టు గీతలు, చుక్కలు వస్తాయి. ఛానెళ్ళు వాటంతటవే మారిపోతుంటాయి. చివరికి ఓ పాత కౌబాయ్ సినిమాలోకి గ్రెమ్లిన్లు జొరబడితే, కౌబాయ్ హీరో జాన్ వేన్ వాటి పని పడతాడు. హాలు ప్రేక్షకుడికి ఒక మోసం, ఇంటి ప్రేక్షకుడికి వేరే మోసం. సినిమా ఎక్కడ ఆడుతోందో కూడా ఆలోచించి తీసినవాడు డాంటే. డిస్కుల్లోకి వచ్చేసరికి మళ్ళీ హాలు రూపాన్నే పెట్టారు, క్యాసెట్టు ముక్క డిస్కులో అదనంగా ఇచ్చే ఎక్స్‌ట్రాల్లోకి పోయింది. అంటే హాలు కోసం అల్లిన జోకు ఇప్పుడు నీ ఇంటి హాల్లో, సోఫా ఎదురుగా ఆడుతోంది. అయినా నువ్వు పడిపోయావు. ముప్పై ఏళ్ళు దాటిన జోకు ఇంకా పనిచేస్తోందనడానికి నువ్వే సాక్ష్యం. సమీక్షలో రాయాల్సిన సంగతి చేతిలోకి వచ్చి పడితే దాన్ని ఫిర్యాదు చేసి పారేశావే!

ఆ క్యాసెట్టు మా ఊరికి దొంగకాపీగా వచ్చింది. అప్పట్లో కలర్ టీవీ, వీసీఆర్ రాత్రికి అద్దెకు తెచ్చుకుని, తెల్లారేలోగా వరసగా మూడు సినిమాలు చూసి తిరిగి ఇచ్చేసేవాళ్ళం. మా వీధి చివర వీడియో షాపాయనకు ఈ క్యాసెట్టు పెద్ద తలనొప్పి అయిపోయింది. తీసుకెళ్ళిన ప్రతివాడూ పొద్దున్నే వచ్చి "టేపు పోయింది, డబ్బులు వెనక్కివ్వు" అనేవాడే. ఆయన హెడ్డు స్పిరిట్‌తో తుడిచాడు. ట్రాకింగ్ అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇక విసుగొచ్చి ఒకరోజు కౌంటర్ మీదే క్యాసెట్టు స్క్రూలు విప్పి, ఆ ముక్కను కత్తెరతో కోసేసి, రెండు కొసలూ సెల్లోటేప్ పెట్టి అతికించేశాడు. నేను మొదట చూసింది ఆ అతుకుల క్యాసెట్టే. అతుకు హెడ్డు దగ్గరికి రాగానే వీసీఆర్ గురకపెట్టినట్టు ఒక శబ్దం చేసేది, బొమ్మ ఎగిరి పడేది. ఆయన్ని తప్పు పట్టను, ఆయన వ్యాపారం ఆయనది. కానీ ఆయన కత్తెరతో చేసింది నువ్వు రిమోట్‌తో చేశావు, ఆ పైన సమీక్షకుడినని సంతకం కూడా పెట్టావు.

నేను ఎవరికైనా చెప్పేది ఈ ఒక్కటే, విన్నవాళ్ళు తక్కువ. డిస్క్ సమీక్ష రాసేవాడు రిమోట్ ముట్టుకోకూడదు. ప్లే నొక్కాక దాన్ని పక్క గదిలో పెట్టి రావాలి. నువ్వు చివరిదాకా చూడలేదని కూడా నాకు తెలుసు. సినిమా మొదట్లో కార్టూన్ల దర్శకుడు చక్ జోన్స్ గీయించిన బగ్స్ బన్నీ, డాఫీ డక్ కార్టూన్ గురించి రెండు లైన్లు రాశావు, బాగుంది. మరి ఆ డాఫీ చివర్లో పేర్లు పడుతుండగా మధ్యలో తల దూర్చి, ఇంకా ఇళ్ళకు పోలేదా అన్నట్టు మనల్నే విసుక్కుంటాడు కదా, ఆ ఊసే లేదు. పేర్లు మొదలవగానే డిస్క్ బయటికి తీసేశావు. అవునా?

ఇంకా విచిత్రం, నీలాంటి వాళ్ళ కోసమే ఆ సినిమాలో ఒక సీన్ ఉంది. లియొనార్డ్ మాల్టిన్ అని అమెరికాలో పేరున్న సమీక్షకుడు. మొదటి 'గ్రెమ్లిన్స్' ఆయనకు నిజంగానే నచ్చలేదు. రెండో దాంట్లో ఆయనే ఆయనగా వచ్చి, టీవీ షోలో కూర్చుని మొదటి సినిమా వీడియోను చెండాడుతుంటాడు. వెనక నుంచి గ్రెమ్లిన్లు వచ్చి మీద పడతాయి. పీక మీదికి వచ్చేసరికి ఊరికే అన్నానని, పదికి పది అని అరుస్తాడు. హోమ్ వీడియో సమీక్షకుడిని చావబాదే సీన్ ఉన్న సినిమాకు హోమ్ వీడియో సమీక్ష రాస్తూ ఆ సీన్‌ను వదిలేసినవాడివి నువ్వొక్కడివే అయ్యుంటావు.

"మొదటి దానిలో ఉన్న చీకటి ఇందులో లేదు, పిల్లల సినిమా అయిపోయింది" అన్నావు. ఆ మాట చాలామంది అన్నారు. మొదటి దాంట్లో హీరోయిన్ కేట్, తనకు క్రిస్మస్ అంటే ఎందుకు గిట్టదో చెబుతుంది గుర్తుందా? శాంటా వేషం వేసుకుని పొగగొట్టంలో దిగబోయి తండ్రి జారి, మెడ విరిగి అందులోనే చచ్చిపోయిన కథ. రెండో దాంట్లో అదే కేట్ లింకన్ పుట్టినరోజున తనకేం జరిగిందో చెప్పబోతే, వినే తీరిక ఎవరికీ లేక మధ్యలోనే ఆపేస్తారు. బాధను వినేవాడు లేకపోవడం చీకటి కాదంటావా? బుర్ర పెరిగిన గ్రెమ్లిన్ కళ్ళద్దాలు పెట్టుకుని టీవీ ఇంటర్వ్యూలో కూర్చుంటాడు. మాకు కావలసింది నాగరికత అని పెద్దమనిషి గొంతుతో ఉపన్యాసం ఇస్తాడు. పక్కనే ఇంకో గ్రెమ్లిన్ పిచ్చి చేష్టలు చేస్తుంటే తుపాకీ తీసి కాల్చి పారేసి, ఇది నాగరికమేనా, కాదు, సరదాగా మాత్రం ఉంది అని అదే గొంతుతో ముగిస్తాడు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. డార్క్ కామెడీ అనే మాట నీ సమీక్షలో చాలాసార్లు వాడావు, ఈ తుపాకీ దెబ్బ గురించి మాత్రం ఒక్క ముక్కా లేదు.

"అప్పుడే ఫ్లాపయింది" అని తీసిపారేశావు కూడా. మొదటి దానితో పోలిస్తే డబ్బు తక్కువే వచ్చింది, ఒప్పుకుంటాను. అదే రోజు 'డిక్ ట్రేసీ' అనే ఇంకో సినిమా పోటీకి దిగింది. అసలు డాంటేకి రెండో భాగం తీయడమే ఇష్టం లేదు. వేరేవాళ్ళతో ప్రయత్నించి కుదరక, నీ ఇష్టం వచ్చినట్టు తీసుకో అని స్టూడియో మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చింది. ఆయన నిజంగానే ఇష్టం వచ్చినట్టు తీశాడు, రెండో భాగాలు తీసేవాళ్ళనే ఎగతాళి చేస్తూ.

ఇక బొమ్మ సంగతి. "చీకటి సీన్లలో చుక్కలు చుక్కలుగా ఉంది, ఇంకా క్లీన్ చేయాల్సింది" అన్నావు. ఆ చుక్కలు గ్రెయిన్. ఫిల్ము మీద తీసిన సినిమాకు అదే ఒళ్ళు. ఆ రోజుల్లో రెండు మూడు బొమ్మలు కలిపి ఒకే షాట్ చేయాలంటే ఫిల్మును మళ్ళీ ఫిల్ము మీదికి ఎక్కించేవాళ్ళు, అందుకే అలాంటి చోట్ల గ్రెయిన్ ఇంకా పెరుగుతుంది. దాన్ని కంప్యూటర్‌తో తోమేస్తే రిక్ బేకర్ బృందం చేసిన ఆ గ్రెమ్లిన్ బొమ్మల చర్మం మీది ముడతలు, తడి, నరాలు అన్నీ పోయి మైనం ముద్దలు మిగులుతాయి. చుక్కలున్నాయంటే ఎవరో బుద్ధిమంతుడు చెయ్యి ఆపుకున్నాడని అర్థం. నువ్వు వాడికి స్టార్ కోశావు.

స్టార్లు అసలు ఎందుకు పెట్టావో నాకు తెలుసు. పత్రికలవాళ్ళు అడుగుతారు. ఒక వారపత్రికలో నేను వీడియో కాలమ్ రాసే రోజుల్లో ఎడిటర్ గారు నాకో పట్టీ ఇచ్చారు. కథ ఇన్ని లైన్లు, నటన ఇన్ని లైన్లు, సాంకేతిక విలువలు ఒక లైను, కింద మార్కులు. ఒక సినిమా క్యాసెట్టులో క్లైమాక్స్ కోసేశారని నేను పేరా మొత్తం రాస్తే, "పాఠకుడికి ఈ టెక్నికల్ గోల ఎందుకండీ" అని కొట్టేసి, ఆ జాగాలో హీరోయిన్ ఫొటో వేశారు. డబ్బులిచ్చి క్యాసెట్టు తెచ్చుకునేవాడికి క్లైమాక్స్ లేదన్న సంగతి గోల ఎలా అవుతుందో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఇప్పుడు పట్టీ మారింది, పేరు "స్పెసిఫికేషన్స్" అయింది. ఇంత రెజల్యూషన్, ఇన్ని ఛానెళ్ళ సౌండ్. అట్ట వెనక అచ్చు వేసింది చూసి రాయడానికి నువ్వెందుకు?

చివరగా ఒకటి. ఆ సినిమాలో కథ జరిగే బిల్డింగ్ ఓనర్ పేరు క్లాంప్, ఆయన టీవీ ఛానెల్‌లో పాత నలుపు తెలుపు ప్రేమకథకు ఒక ప్రకటన వస్తుంది: 'కాసబ్లాంకా', పూర్తి రంగుల్లో, మరింత సుఖాంతంగా. అప్పట్లో అమెరికాలో టీవీ ఛానెళ్ళ యజమాని టెడ్ టర్నర్ పాత నలుపు తెలుపు సినిమాలకు రంగులద్దించి టీవీలో వేస్తుంటే దానికి వెక్కిరింత అది. మనవాళ్ళూ 2010లో 'మాయాబజార్'కు రంగులద్ది విడుదల చేశారు. జనం ముచ్చటపడి చూశారు, నాకు మాత్రం మింగుడు పడలేదు. పాత సినిమాను బాగుచేస్తామంటూ వచ్చేవాళ్ళ మీద అన్ని జోకులు ఉన్న సినిమా ఇప్పుడు 'రీమాస్టర్డ్' ముద్రతో నీ ఒళ్ళోకి వచ్చింది. ఆ వెటకారం గురించి ఒక్క పేరా రాయి, మిగతా నాలుగు పేజీలు చించేసినా నష్టం లేదు.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా వద్దా అని అడిగావు. ముందు సమీక్ష తిరగరాయి. రాసేటప్పుడు నీ డిస్క్‌లో ఆ క్యాసెట్టు ముక్క, జాన్ వేన్ ఉన్నది, ఎక్స్‌ట్రాల్లో ఉందో లేదో చూసి చెప్పు. ఉంటే నేనూ ఒకటి తెప్పించుకుంటాను.

ఇట్లు,
మీ అన్నయ్య