అక్రీషన్ డిస్క్ పాఠం చెప్పబోయే మేనకోడలికి

చిరంజీవి సుజాతకు, పాలమూరు నుంచి మామయ్య ఆశీస్సులు.

దేవరకొండలో మీ పదో తరగతి పిల్లలకు కృష్ణబిలాల చుట్టూ వాయువు పళ్లెంలా పరుచుకొని తిరిగే అక్రీషన్ డిస్కుల గురించి చెప్పాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశావు. కృష్ణబిలంతో మాత్రం మొదలుపెట్టకు. అది అన్నింటినీ పీల్చేసుకుంటుందని ఒకసారి అన్నామంటే, డిస్క్ ఎందుకు ఏర్పడుతుందో చెప్పే దారి మూసుకుపోతుంది. నేను చాలా ఏళ్లు ఆ పొరపాటే చేశాను. దూరం నుంచి వచ్చే వాయువు నేరుగా లోపలికి పడలేదు కనుకనే డిస్క్ ఏర్పడుతుంది.

ముందు ఒక ఖాళీ పెన్ను గొట్టంలోంచి దారం దూర్చి, ఒక కొసకు రబ్బరు ముక్క కట్టి, తలపైన తిప్పించు. జొన్నచేలలో పిట్టలను తోలడానికి వడిసెల తిప్పిన పిల్లలుంటే వాళ్లనే ముందుకు పిలువు. రెండో కొసను కిందికి లాగేకొద్దీ వేగం పెరగడం వాళ్ల చేతికే తెలుస్తుంది. వ్యాసార్థం సగమైతే వేగం రెట్టింపవుతుందని, దీన్నే కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం అంటారని అప్పుడు చెప్పు. వాయువుదీ ఇదే చిక్కు: తన కోణీయ ద్రవ్యవేగాన్ని బయటి పొరలకు అప్పగించనిదే అది ఇంకా లోపలికి దిగలేదు. లోపలి వలయం వేగంగా, బయటి వలయం నిదానంగా తిరగడం వల్ల పుట్టే రాపిడి ఆ అప్పగింతను సాగిస్తూనే, సిగ్నస్ ఎక్స్-1 అనే కృష్ణబిలం వంటి చోట్ల లోపలి అంచును కోటి డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది.

ఇక్కడ తొందరపడవద్దు. మామూలు వాయువుకుండే స్నిగ్ధత, అంటే పొరకు పొర రాసుకునే జిగట, ఇంత పనికి ఏమాత్రం చాలదు. 1973లో షకూరా, సున్యాయెవ్ అనే సోవియట్ శాస్త్రవేత్తలు, కారణం తేలకపోయినా, ఆ రాపిడిని ఆల్ఫా అనే ఒక్క సంఖ్యలో ఇమిడ్చి లెక్కలు ముందుకు నడిపారు. ఆ రాపిడికి బలహీనమైన అయస్కాంత క్షేత్రం ఉన్నా చాలునని, అది పక్కపక్క వలయాలను సాగే తాళ్లలా ముడివేసి కల్లోలం రేపుతుందని 1991లో బాల్బస్, హాలీ అనే శాస్త్రవేత్తలు చూపించారు. తెలియనిదాన్ని దాచకుండా ఒక అక్షరంగా రాసుకొని పని సాగించిన ఈ తీరును పిల్లలకు నిదానంగా చెప్పు. నా మటుకు నాకు పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

ఇక డిస్క్ ఎంతగా వెలుగుతుందో పోల్చి చెప్పు. నక్షత్రాల్లోలా హైడ్రోజన్ హీలియంగా మారితే ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తి అవుతుంది. తిరగని కృష్ణబిలం డిస్కులో లోపలికి దిగే వాయువు ద్రవ్యరాశిలో దాదాపు 6 శాతం, అత్యంత వేగంగా తిరిగేదైతే సిద్ధాంతరీత్యా 42 శాతం దాకా వెలువడుతుంది. ఈ మూడు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాయి.

2019 ఏప్రిల్ 10న విడుదలైన, ఎం87 గెలాక్సీ నడుమనున్న కృష్ణబిలం చిత్రాన్ని చూపేటప్పుడు, ఆ నారింజ రంగు నిప్పుది కాదని, 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాల సమాచారానికి అద్దినదని ముందే చెప్పు.

దసరా సెలవులయ్యాక ఒక రాత్రి ఎనిమిది గంటలకు పిల్లలకు ఉత్తరాన ఎత్తులో హంస మండలాన్ని చూపించు. సుమారు 7,200 కాంతి సంవత్సరాల దూరంలో, ఆ హంస మెడ దగ్గర సిగ్నస్ ఎక్స్-1 ఉంది. దాదాపు 21 సూర్యుల ద్రవ్యరాశిగల ఆ కృష్ణబిలం, తన జత తార నుంచి వీచే వాయువును చుట్టూ తిప్పుకుంటోంది. ఎక్స్‌కిరణాలు మన వాతావరణం దాటి రావు కనుక, 1964లో రాకెట్‌లో పరికరం పంపాకే దాని జాడ దొరికింది. జత తార మాత్రం చిన్న టెలిస్కోపుకు అందుతుంది. మీ బడిలో టెలిస్కోపు ఉంటే కబురు పెట్టు, ఆ రాత్రికి నేనూ వస్తాను.

మీ మామయ్య