లూజ్, లూస్: బట్టీ పట్టినా ఎందుకు తప్పుతోందంటే

'పోగొట్టుకోవడం', 'వదులు' అనే అర్థాలున్న రెండు ఇంగ్లిషు మాటల (lose, loose) స్పెల్లింగు బట్టీ పట్టినా బ్యాంకు పరీక్షలో తారుమారవుతోందని మీరన్నారు. తేడా వస్తున్నది మీ జ్ఞాపకంలో కాదు, పలకడంలో. విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల కొట్లో చొక్కా వేసి చూసుకుని మనం "లూజుగా ఉందండీ" అంటాం. చిక్కంతా అక్కడే. ఇంగ్లిషులో వదులుకు చివర 'స' పలకాలి: లూస్. 'జ' లాంటి ధ్వని పోగొట్టుకోవడానిది: లూజ్.

ఇలా చేయండి:

1. ముందు వాక్యంలో ఆ మాట అర్థాన్ని తెలుగులో అనుకోండి.

2. గొంతు మీద వేలు పెట్టి మాటను పైకే పలకండి. అందరూ వదిలేసేది దీన్నే! చివరి ధ్వనిని కాస్త సాగదీయండి. లూజ్ చివర గొంతు వణుకుతుంది, లూస్ చివర వణకదు. వారం రోజులు చేస్తే పరీక్ష హాల్లో మనసులో అనుకున్నా తెలిసిపోతుంది.

3. వణికితే ఒక ఓ, వణక్కపోతే రెండు. వదులు చొక్కాలో చోటెక్కువ, ఓలు కూడా ఎక్కువే.

అడ్వైస్, అడ్వైజ్ కూడా ఇంతే. వణికేది సలహా ఇవ్వడం, దానికి ఎస్. వణకనిది సలహా, దానికి సి.

స్టేషనరీకి మాత్రం ఈ పద్ధతి పనిచేయదు, రెండూ ఒకేలా పలుకుతాయి. కాగితాలూ పెన్నులూ అయితే 'పేపర్' చివర ఉన్నట్టే ఈ, ఆర్. కదలకుండా ఆగి ఉన్నదైతే 'కార్'లో లాగా ఏ, ఆర్.

ఫోన్లో టైప్ చేసి ఎర్ర గీత రాలేదని ఊరుకోకండి. రెండూ ఉన్న మాటలే కాబట్టి చాలాసార్లు గీత పడదు.