వెనకవైపు కూడా శిల్పమే

ప్రశ్న: శిల్పకళలో ఫైనలియర్ విద్యార్థినిని. ఒకదాని మీద ఒకటి వాలి నిలబడ్డ రెండు వంపు ఆకారాలు చేస్తున్నాను, రెండున్నర అడుగుల ఎత్తు, లోపల ఇనప తీగ, పైన గోనెపట్ట, ప్లాస్టర్. సబ్మిషన్‌కి ఇంకా 12 రోజులే ఉంది. రోజూ గీకడం, మళ్లీ పూయడం, కొత్తగా పూసిందేమో పెచ్చులుగా ఊడిపోవడం. ఒకటే టెన్షన్. రంగు వేసేస్తే లోపాలు కప్పుకుపోతాయా?

జవాబు: కప్పుకుపోవమ్మా. మెరిసే రంగయితే ప్రతి గుంటా ఇంకా బాగా కనిపిస్తుంది. పెచ్చుల సంగతి మాత్రం తేలిక. ఆరిన ప్లాస్టర్ కొత్తదాంట్లోని నీళ్లన్నీ పీల్చేసుకుంటుంది, గట్టిపడటానికి నీళ్లు చాలక అది పొడిపొడిగా రాలిపోతుంది. పూయబోయే చోట మేకుతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టి, ఇక నీళ్లు ఇంకడం లేదు అనిపించేదాకా తడిపి, అప్పుడు పూయండి. తీగ ఎక్కడైనా బయటికి కనిపిస్తుంటే దానికి ముందు లక్క పాలిష్ పూయండి, లేకపోతే తుప్పు మరక పైకి తేలుతుంది.

అసలు బాధ పైపూతలో కాదు, ఆకారంలో ఉందని నాకనిపిస్తోంది. రాత్రి గదిలో లైట్లు తీసేసి, టార్చి ఒక్కటే పక్కనుంచి, శిల్పానికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని చుట్టూ తిరగండి. వంపు వెంట సాఫీగా జారాల్సిన నీడ ఎక్కడ తెగిందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. ముఖ్యంగా ఆ రెండూ ఆనుకున్న చోటు, వాటి మధ్య మిగిలిన ఖాళీ. ముందు నుంచి చక్కగా ఉన్న ఖాళీ వెనక నుంచి చూస్తే ఊరికే కన్నంలా ఉంటుంది చాలాసార్లు, ఎందుకంటే పనిచేసేటప్పుడు మనం ఒకవైపే నిలబడిపోతాం. నాలుగు గుర్తులకి మించి పెట్టుకోకండి, వాటికి మూడు రోజులు. ఆ తర్వాత ప్లాస్టర్ బస్తా కట్టేయండి.

ఈలోపు ఇంకోలా ఉంటే బాగుండేది అనిపించిందంతా నోట్‌బుక్‌లో గీసుకోండి, తర్వాతి శిల్పానికి పనికొస్తుంది. ఫ్రెంచ్ శిల్పి రోడాకి 'నరకద్వారం' అనే శిల్పాల తలుపు పని 1880లో అప్పగించారు, 1917లో ఆయన పోయేనాటికి కూడా అది కంచులో పోత పోయలేదు. కానీ దాని కోసం మొదలైన బొమ్మల్లోంచే 'ఆలోచనాపరుడు' విడిగా బయటికొచ్చింది.

తర్వాత ఒక వారం ఫ్యాన్ కింద వదిలేయండి, మంట దగ్గర మాత్రం వద్దు, ప్లాస్టర్ బలం పోతుంది. చెంప ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. తడి మీద శాండ్‌పేపర్ వేస్తే గింజల మధ్య ముద్దలా పేరుకుంటుంది, రంగు వేస్తే పొంగుతుంది. పూర్తిగా ఆరాక 120 నంబరుతో, తర్వాత 220తో రుద్దండి, మాస్క్ పెట్టుకోవడం మర్చిపోకండి. చివరి రెండు రోజులు దీనికీ, కింద పీఠానికీ సరిపోతాయి. రంగు గురించి అప్పుడు ఆలోచించండి, వంపులు కుదిరితే ఆ తెలుపే చాలనిపించవచ్చు.

పూర్తయ్యాక ఫొటో పంపండి, వెనకవైపు నుంచి తీసింది.