టేప్ రంగు మారినా స్పోర్ టెస్ట్ ఫెయిల్!

ప్రశ్న: మా క్లినిక్ ల్యాబ్‌లో క్రిములు పెంచి వాడేసిన కల్చర్ ప్లేట్లను, ఆవిరి పీడనంతో క్రిములను చంపే నిలువు ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వద్ద పెడుతున్నాం. బ్యాగ్‌పై టేప్ రంగు మారుతోంది, స్పోర్ టెస్ట్ (వేడిని తట్టుకునే బ్యాక్టీరియా స్పోర్లు చచ్చాయో లేదో చూసే పరీక్ష) మాత్రం ఫెయిలవుతోంది. ఎందుకండీ?

జవాబు: టేప్ బ్యాగ్ బయటివైపు తగిలిన వేడిని మాత్రమే చూపిస్తుంది. మీ బ్యాగ్ మధ్యలో గాలి చిక్కుకుని ఉంటుంది. మూతి బిగించి కడితే ఆవిరి లోపలికి పోదు. గాలి కలిసిన ఆవిరికి 15 పౌండ్ల పీడనం చూపినా 121 డిగ్రీల వేడి రాదు. అందుకే పీడనం చూపే గేజ్‌ను ఒక్కదాన్నే నమ్మొద్దు.

మూతి వదులుగా ఉంచి, బ్యాగ్‌లో కొద్దిగా నీళ్లు పోయండి. ఆటోక్లేవ్ లోపలి డ్రమ్మును కిక్కిరిసేలా నింపొద్దు. ఆవిరి ఆగకుండా ధారగా వచ్చేదాకా వాల్వ్ మూయొద్దు. 121 డిగ్రీలు చేరాకే 60 నిమిషాలు లెక్కపెట్టండి. స్విచ్ వేసినప్పటి నుంచి లెక్కేయడం చాలాచోట్ల చూసే పొరపాటు.

స్పోర్లున్న చిన్న సీసా, అంటే స్పోర్ వయల్‌ను బ్యాగ్ నడిమధ్యలో పెట్టండి. ఆటోక్లేవ్ చేయని వయల్ ఒకటి దాంతోపాటే ఇంక్యుబేట్ చేయాలి. అందులోనూ స్పోర్లు పెరగకపోతే ఆ పరీక్షే చెల్లదు.

బ్లీచ్ ద్రావణమైన హైపోక్లోరైట్‌లో నానబెట్టినవి మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టనే వద్దు. క్లోరిన్ వాయువు వెలువడుతుంది, పాత్రా తుప్పు పడుతుంది. శుద్ధి చేసిన ప్లేట్లను జీవవైద్య వ్యర్థాల పసుపు బ్యాగ్‌లోనే పంపించండి.