ఇంజన్ ఆయిల్ డబ్బా మీది గుర్తుల్లో నాణ్యతను చెప్పేవి ఏవి?

బెంగళూరు జేసీ రోడ్డులో మీరు చూసిన రెండు డబ్బాల మీదా 20డబ్ల్యూ-40 అనే ఉందనీ, ధర తక్కువైన దాని మీద ఏపీఐ ఎస్ఎఫ్ అనే అక్షరాలతో పాటు ఐఎస్ఓ 9001 ముద్ర, ధర ఎక్కువైన దాని మీద ఏపీఐ ఎస్ఎన్, జాసో ఎంఏ2 అనే గుర్తులు ఉన్నాయనీ, మీ 150 సీసీ గేర్ల బండికి మొదటిది చాలదా అనీ అడిగారు. చాలదు. ఎందుకో గుర్తుల వారీగా చెబుతాను.

20డబ్ల్యూ-40 అన్నది ఆయిల్ చిక్కదనం మాత్రమే. దీనిని ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం వారి జె300 ప్రమాణం నిర్ణయిస్తుంది: డబ్ల్యూకు ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా కదులుతుందో, తర్వాతి అంకె 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఎంత చిక్కగా నిలుస్తుందో తెలుపుతాయి. బెంగళూరులో డిసెంబరు రాత్రుల్లో సైతం ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోవడం అరుదు కనుక ఇక్కడ మొదటి అంకె గురించి ఆందోళన అక్కరలేదు. అయినా బండితో ఇచ్చిన పుస్తకంలో 10డబ్ల్యూ-30 అని ఉంటే అదే పోయాలి. చిక్కగా ఉన్నది మంచిదనే మాట చాలా మంది మెకానిక్కుల నోట విన్నాను గాని, సన్నని ఆయిల్‌కు తగినట్టు తయారైన ఇంజన్‌కు అది మేలు చేయదు. ఇక ఐఎస్ఓ 9001 అన్నది ఒక సంస్థ తన పనులను నిర్వహించుకునే పద్ధతికి లభించే ధ్రువపత్రం. ఆ డబ్బాలోని ఆయిల్‌ను ఇంజన్‌లో పోసి పరీక్షించారని దానికి అర్థం లేదు.

నాణ్యతను చెప్పేవి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్, అంటే ఏపీఐ వారి అక్షరాలు. మొదటి అక్షరం ఎస్ అయితే పెట్రోలు ఇంజన్‌కు, సి అయితే డీజిల్ ఇంజన్‌కు. ఎస్ వరుసలో రెండో అక్షరం ముందుకు సాగేకొద్దీ ప్రమాణం కొత్తది: ఎస్ఎల్ 2001లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పి 2020లో వచ్చాయి. మీరు చూసిన ఎస్ఎఫ్‌ను 1988 తర్వాత తయారైన పెట్రోలు వాహనాల్లో చాలావాటికి పనికిరాదని ఏపీఐ వారే కాలం చెల్లిన జాబితాలో చేర్చారు. అయినా ఆ అక్షరాలున్న డబ్బాలు ఇక్కడి అంగళ్లలో ఇప్పటికీ కనబడటం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే కొనేవాడు ఏపీఐ అనే పేరును చూసి నమ్ముతాడు గాని దాని పక్కనున్న అక్షరాన్ని చూడడు.

మరొక తేడా ముఖ్యం. కొన్ని డబ్బాల మీద గుండ్రటి గుర్తు ఒకటి ఉంటుంది. దాని పై భాగంలో ఏపీఐ సర్వీస్ అనే మాటతో పాటు ఎస్ఎన్ వంటి అక్షరాలు, నడుమ చిక్కదనం ఉంటాయి. అది ఏపీఐ నుంచి లైసెన్సు పొందినవారు మాత్రమే వేసుకోవలసిన గుర్తు. ఆ సంస్థ బజారులోని డబ్బాలను సేకరించి పరీక్షిస్తుంది కూడా. గుర్తు లేకుండా, ఎస్ఎన్ ప్రమాణాన్ని అందుకుంటుంది అని అక్షరాల్లో మాత్రమే రాసి ఉంటే అది తయారీదారు తానుగా ఇస్తున్న హామీ. అది అబద్ధమని నేను అనను, పేరున్న కంపెనీలు కూడా అలా రాస్తాయి. కాని అక్కడ మీరు నమ్ముతున్నది కంపెనీని. లైసెన్సు ఉందో లేదో ఏపీఐ వెబ్‌సైటులో కంపెనీ పేరుతో వెతికి చూసుకోవచ్చు.

గేర్ల బండికి అన్నిటికంటే ముందు చూడవలసింది జాసో గుర్తు, అంటే బండ్ల ఆయిల్‌కు జపాన్ వారు పెట్టిన ప్రమాణం. కారులో క్లచ్ వేరుగా ఉంటుంది. మన బండ్లలో చాలావాటికి క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిళ్లలో మైలేజీ పెంచడానికి రాపిడి తగ్గించే రసాయనాలు కలుపుతారు, ఏపీఐ గుండ్రటి గుర్తు కింది భాగంలో రిసోర్స్ కన్సర్వింగ్ అని ఉండేవి ఇవే. ఆ రాపిడి తగ్గితే ప్లేట్లు పట్టు తప్పుతాయి. మా తమ్ముడి బండికి మారతహళ్లి దగ్గర ఒక మెకానిక్ ఖరీదైన కారు ఆయిల్‌ను మంచిదన్న ఉద్దేశంతోనే పోశాడు. కొద్ది రోజులకే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఇంజన్ చప్పుడు పెరుగుతున్నా బండి వేగం పుంజుకునేది కాదు. ఆ ఆయిల్ తీసేసి ఎంఏ2 పోశాక పట్టు క్రమంగా తిరిగి వచ్చింది. మెకానిక్ మొదట పోసిన ఆయిల్ నాణ్యమైనదే, కాని ఆ బండికి తగినది కాదు.

జపాన్ వారి జాసో టి903 ప్రమాణంలో ఎంఏ, ఎంఏ2 క్లచ్ పట్టు నిలిపే ఆయిళ్లు, ఎంఏ2 మరింత గట్టి పట్టున్నది. ఎంబి రాపిడి తక్కువైనది, గేర్లు లేని స్కూటర్లకు సరిపోతుంది. మీ ఇంట్లో స్కూటర్ కూడా ఉంటే రెండింటికీ ఒకే డబ్బా తేవద్దు.

కాబట్టి మీ పుస్తకంలో 20డబ్ల్యూ-40 అనే ఉన్న పక్షంలో రెండో డబ్బానే తీసుకోండి. అయితే గుర్తులన్నీ సరిగా ముద్రించిన నకిలీ డబ్బాలు కూడా బజారులోకి వస్తాయి. అందువల్ల కంపెనీ అధీకృత డీలరు వద్దే బిల్లుతో కొనండి, సీలు మీ ఎదుటే తీయించండి, ఆయిల్ పోశాక ఖాళీ డబ్బాను మెకానిక్ వద్ద అలాగే వదిలిపెట్టకుండా కత్తితో చీల్చేయండి, లేకపోతే అదే డబ్బాలో మరొకరికి మరేదో నింపి అమ్మే వీలుంటుంది.