మెయిల్ కనపడకపోతే ముందు ఊళ్లో ఫోన్ల సంగతి అడగండి

కోనసీమ నుంచి, భీమవరం, పాలకొల్లు వైపు నుంచి విదేశీ చదువుకు కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను తరచూ అడిగే సందేహం ఒకటుంది. "యూనివర్సిటీ వాళ్లు మెయిల్ పంపామంటున్నారండి, నాకు రాలేదు. నిన్న చూసిన మెయిల్ ఇవాళ లేదు. ఎవరైనా హ్యాక్ చేశారంటారా?" హ్యాకింగ్ కూడా జరుగుతుంది, దాని సంగతి కింద చెబుతాను. కానీ నా దాకా వచ్చిన వాటిలో చాలావరకు మెయిల్ తీసేసింది ఇంట్లోవాళ్లే, పాపం తెలియక.

మన వైపు చాలామందికి మెయిల్ అడ్రసు ఇంటర్ అయ్యాక కౌన్సెలింగ్ రోజుల్లో నాన్నగారి ఫోన్‌లోనే మొదలవుతుంది. అదే అడ్రసు పాస్‌పోర్టుకు, ఎడ్యుకేషన్ లోన్‌కు, కన్సల్టెన్సీకి, చివరికి యూనివర్సిటీ అప్లికేషన్‌కు కూడా ఇచ్చేస్తాం. మనం విమానం ఎక్కాక కూడా ఆ అకౌంట్ అక్కడి ఫోన్లలో తెరిచే ఉంటుంది. రాజోలు దగ్గరి ఒక అబ్బాయికి లోన్ బ్యాంకు పంపిన మెయిళ్లు వరసగా కనపడకుండా పోయాయి. ఆరా తీస్తే తెలిసింది: నాన్నగారు రొయ్యల చెరువు గట్టు మీద ఉండగా ఫోన్‌లో స్టోరేజ్ నిండిందని వచ్చింది, మేత బిల్లుల ఫొటోలు దిగడం మానేశాయి. పక్కింటి కుర్రాడు సాయం చేద్దామని, ఇంగ్లీషులో ఉన్న మెయిళ్లన్నీ ప్రకటనలే అనుకుని ఒక్కొక్కటీ డిలీట్ కొట్టాడు. అదృష్టవశాత్తూ అవన్నీ ట్రాష్‌లో దొరికాయి.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది ఒకటే. ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో, ట్యాబ్‌లో కనిపించేది సర్వర్‌లో ఉన్న ఒకే డబ్బా. అమలాపురంలో తీసేస్తే డాలస్‌లోనూ పోతుంది. జీమెయిల్‌లో డిలీట్ చేసినవి ట్రాష్‌లో 30 రోజులుంటాయి, స్పామ్‌లో పడినవీ అంతే. ఆ తర్వాత వాటంతట అవే పోతాయి. అందుకే "తర్వాత చూద్దాంలే" అనుకోకండి.

మామూలుగా వెతికితే జీమెయిల్ స్పామ్, ట్రాష్ వదిలేసి చూపిస్తుంది. సెర్చ్ డబ్బాలో ఇంగ్లీషులో ఇన్, కోలన్, ఎనీవేర్ అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి, పక్కన పంపినవారి పేరు రాయండి. అప్పుడు అన్నీ బయటపడతాయి. వేలు పక్కకు జరిపినప్పుడు ఆర్కైవ్ అయిపోయినవి ఆల్ మెయిల్‌లో ఉంటాయి. కొన్ని ప్రమోషన్స్‌లోకి పోతాయి, కొన్ని పాత మెయిల్ కిందే చేరి కొత్తవిగా కనిపించవు. యూనివర్సిటీ మెయిల్ అవుట్‌లుక్ అయితే ఫోకస్డ్ పక్కన ఉన్న అదర్ కూడా తెరవండి. ఎంతమంది అది చూడకుండానే కంగారు పడతారో!

వీటిలో ఎక్కడా దొరక్కపోతే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. అక్కడ ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, పాప్ అనే మూడూ చూడాలి. ఎగువన తూము తిప్పేసినవాడు ఎవరో తెలియకుండా చేలో నీళ్లు రాలేదని ఏడిస్తే లాభం లేదు కదా. కన్సల్టెన్సీ వాళ్లు మీ మెయిళ్లు తమకు వచ్చేలా ఫార్వర్డ్ పెట్టి, మీ దగ్గర కాపీ ఉండకుండా చేసి ఉండొచ్చు. ఏదో ఆఫీసు కంప్యూటర్ పాప్ పద్ధతిలో మెయిళ్లు దించుకుని సర్వర్‌లో తుడిచేస్తూ ఉండొచ్చు. మీరు పెట్టని ఫిల్టర్ ఒకటి బ్యాంకు మెయిళ్లను తిన్నగా ట్రాష్‌కు పంపిస్తుంటే మాత్రం అది నిజంగా దొంగల పని. డబ్బు లాగేటప్పుడు బ్యాంకు హెచ్చరిక మీ కంట పడకుండా ఇలాగే చేస్తారు. వెంటనే పాస్‌వర్డ్ మార్చి, ఆ ఫిల్టర్ తీసేసి, రెండంచెల భద్రత పెట్టి, బ్యాంకుకు ఫోన్ చేయండి.

అసలు మెయిల్ రాకపోయే అవకాశమూ ఉంది. జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నిటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఇంటి పెళ్లి వీడియోలతో అది నిండితే కొత్త మెయిల్ లోపలికి రాదు, పంపినవాళ్లకు తిరిగి వెళ్తుంది. అడ్రసు తప్పు పడటమూ మామూలే, ముఖ్యంగా మన పేర్లతో: లక్ష్మిని ఒకరు కేఎస్‌తో రాస్తే ఇంకొకరు ఎక్స్‌తో రాస్తారు. పంపినవాళ్లను అక్షరం అక్షరం చదివి వినిపించమనండి. జీమెయిల్‌లో మధ్యలో చుక్క ఉన్నా లేకపోయినా ఒకటే, దానికి టెన్షన్ వద్దు.

అమెరికాలో చదువు అయ్యాక ఓపీటీకి, అంటే చదివిన రంగంలో కొంతకాలం ఉద్యోగం చేసుకునే అనుమతికి, వెళ్లేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఉద్యోగం వివరాలు నమోదు చేసే ఎస్‌ఈవీపీ పోర్టల్ (విదేశీ విద్యార్థుల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే వెబ్‌సైటు) లింకు మెయిల్‌లోనే వస్తుంది, చాలామందికి స్పామ్‌లో పడుతుంది. స్టెమ్ పొడిగింపు లేని మామూలు ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులే. ఉద్యోగం ఉండి కూడా నమోదు కాకపోతే ఆ లెక్క మీ మీద నడిచిపోతుంది. లింకు రాలేదనిపిస్తే కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని, అంటే మీ డీఎస్‌ఓని, ఆ రోజే అడగండి. డిగ్రీ అయ్యాక కాలేజీ మెయిల్ ఆగిపోవచ్చు కాబట్టి సొంత అడ్రసు కూడా వాళ్లకిచ్చి ఉంచండి.

ఇంకా బయల్దేరని వాళ్లు రావులపాలెం దాటకముందే మీ ఒక్కరి కోసం కొత్త అకౌంట్ తెరుచుకోండి. పాతది నాన్నగారికే వదిలేయండి. పొలం కౌలు, బ్యాంకు కాగితాలు ఆయనకు అందులోనే వస్తుంటాయి, హఠాత్తుగా లాగేసుకుంటే ఆయన ఇబ్బంది పడతారు. ఇప్పటికే వచ్చేసినవాళ్లు గూగుల్ అకౌంట్‌లో యువర్ డివైసెస్ తెరిచి, ఏ ఫోన్లున్నాయో చూసి, ముందు ఇంటికి ఫోన్ చేసి చెప్పి, అప్పుడు సైన్ అవుట్ చేయండి. రికవరీ నంబరుగా ఇండియా సిమ్ ఉంటే ఇక్కడి నంబరుకు మార్చండి. రీఛార్జి లేక ఆ సిమ్ ఆగిపోయిన రోజున ఓటీపీ రాదు, అకౌంటే చేతికి అందదు.

ఇంత చేసినా దొరక్కపోతే యూనివర్సిటీ ఐటీ వాళ్లకు రాయండి. "మెయిల్ పోయింది" అని ఒక్క ముక్క రాస్తే వాళ్లేమీ చేయలేరు. ఎవరు పంపారు, ఏ రోజు, సుమారు ఎన్నింటికి, సబ్జెక్టు ఏమిటి అన్నవి ఇస్తే మెయిల్ వచ్చిందో లేదో వాళ్ల సర్వర్ రికార్డులో చూసి చెబుతారు.