ఒకే జంతువు పేరున్న పాటలతో క్విజ్ రౌండా? కుక్కను తీసుకోండి

టైటిల్‌లో ఒకే జంతువు ఉన్న ఇంగ్లీషు పాటలతో క్విజ్‌లో ఒక రౌండ్ పెట్టాలి, ఏ జంతువైతే బాగుంటుంది అని అడిగారు కదా. కుక్కను తీసుకోండి. స్నేహితుల మధ్య పాటల క్విజ్ నడిపే పని చాలాకాలంగా నా నెత్తినే ఉంది కాబట్టి పులి, గుర్రం, పిట్టలు అన్నీ వేసి చూశాను. పులి అనగానే అందరికీ సర్వైవర్ వాళ్ళ 'ఐ ఆఫ్ ద టైగర్' తడుతుంది, అక్కడితో బండి ఆగిపోతుంది. గుర్రాల పాటలు మంచివే గానీ వరసపెట్టి వింటే అన్నీ ఒకే మూడ్‌లో ఉన్నట్టు అనిపించి జనం ఫోన్లు తీస్తారు. కుక్కకైతే బ్లూస్ (అమెరికా నల్లజాతి వాళ్ళ బాధల పాటల్లోంచి పుట్టిన సంగీతం), రాక్, పిల్లల పాటలాంటి పాప్, పార్టీ పాట, అన్నీ దొరుకుతాయి.

ఒక్క సలహా. "ఎవరు పాడారు" అని అడగొద్దు, ఆ ప్రశ్నకు ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే చేతులెత్తుతారు. పాట వినిపించి "మొరుగుతున్నది మనిషా, కుక్కా?" అని అడగండి. పాటల గురించి ఏమీ తెలియనివాళ్ళు కూడా ఎగబడి చెప్తారు.

మొదట 'హౌండ్ డాగ్'. అందరూ ఎల్విస్ ప్రెస్లీ పాటే అనుకుంటారు గానీ ముందు పాడింది బ్లూస్ గాయని బిగ్ మామా థార్న్‌టన్. 1952లో రికార్డ్ చేశారు, రాసిన లీబర్, స్టోలర్ ఇద్దరికీ అప్పటికి 19 ఏళ్ళే. పేరుకు కుక్క, ఆవిడ దులిపేసేది మాత్రం ఆడదాని సొమ్ము తింటూ చుట్టూ తిరిగే మగాణ్ణి. పాట చివర్లో వాయిద్యాల వాళ్ళంతా కలిసి ఊళలేస్తారు, మొరుగుతారు, ఆ ముక్క తప్పకుండా వినిపించండి. 1956లో ఎల్విస్ చేతికి వచ్చేసరికి కుందేలును పట్టలేని కుక్క అనే మాట చేరింది, అది లాస్ వెగాస్‌లో ఫ్రెడ్డీ బెల్ బృందం పాడుతుంటే ఎల్విస్ విన్న వరస. దాంతో థార్న్‌టన్ గొంతులోని వెటకారం పోయి, నిజంగా కుక్కనే తిడుతున్నట్టు అయింది. అది చాలదన్నట్టు అదే ఏడాది జులై 1న టీవీలో స్టీవ్ అలెన్ షోలో ఎల్విస్‌కు సూటు తొడిగి, తలమీద టోపీ పెట్టిన బాసెట్ హౌండ్ జాతి కుక్కను ఎదురుగా కూర్చోబెట్టి దానికి పాడించారు! మర్నాడే న్యూయార్క్‌లో పాటను రికార్డ్ చేశాడు. నన్నడిగితే థార్న్‌టన్ వెర్షన్ ముందు ఎల్విస్‌ది దిగదుడుపే, ఇక్కడ గొడవ పడేవాళ్ళు పడొచ్చు.

1953లో థార్న్‌టన్ పాట ఆర్ అండ్ బీ చార్టులో (నల్లజాతి వాళ్ళ రిథమ్ అండ్ బ్లూస్ పాటలకు విడిగా ఉండే జాబితా) మొదటి స్థానంలో ఉంటే, అదే ఏడాది పాప్ చార్టులో పాటీ పేజ్ 'డాగీ ఇన్ ద విండో' మొదటి స్థానానికి ఎక్కింది. కొట్టు అద్దంలోంచి కనిపించే కుక్కపిల్ల ధరెంత అని అడిగే పాట. ఈ రెండూ పక్కపక్కన వేస్తే జనం నమ్మరు. ఇందులోనూ మొరిగేది మనుషులే.

బీటిల్స్ 'హే బుల్‌డాగ్' మొదట 'హే బుల్‌ఫ్రాగ్', అంటే కప్ప. 1968లో రికార్డింగ్ చేస్తూ చివర్లో మెకార్ట్‌నీ సరదాగా మొరగడం మొదలెట్టేసరికి పేరే మారిపోయింది. లెడ్ జెప్లిన్ 'బ్లాక్ డాగ్'లో అసలు కుక్క ఊసే లేదు, వాళ్ళు రికార్డ్ చేస్తున్న ఇంటి చుట్టుపక్కల తిరిగే నల్ల లాబ్రడార్‌ను చూసి పెట్టిన పేరు. గొంతు ఒక్కటే ఒక లైను పాడి ఆగుతుంది, అప్పుడు గిటార్ దూకుతుంది, ఆ ఖాళీలో చప్పట్లు కొట్టబోయిన ప్రతివాడూ తాళం తప్పుతాడు. 'హూ లెట్ ద డాగ్స్ ఔట్' బహా మెన్ పాటగా 2000లో ఊపేసింది గానీ, దాని మూలం ట్రినిడాడ్‌కు చెందిన ఆన్‌స్లెమ్ డగ్లస్ పాట, అందులో కుక్కలంటే పార్టీలో ఆడవాళ్ళను ఏడిపించే మగవాళ్ళు.

ఇప్పటిదాకా మొరుగుడు వినిపించిన అన్నిటికీ జవాబు "మనిషి" అని అలవాటు పడతారు చూడండి, అప్పుడు పింక్ ఫ్లాయిడ్ 'షేమస్' వేయండి. 1971 నాటి 'మెడిల్' ఆల్బమ్‌లోది. టైటిల్‌లో ఉన్నది ఆ కుక్క పేరే, అదీ స్టీవ్ మారియట్ అనే రాక్ గాయకుడి పెంపుడు కుక్క, మెల్లటి బ్లూస్ మీద పాట పొడుగునా అదే గొంతెత్తి ఏడుస్తుంది. ఆల్బమ్‌లో చెత్త పాట ఇదే అనేవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకూ అంతే, కానీ క్విజ్‌లో దీనికి వచ్చినన్ని నవ్వులు దేనికీ రాలేదు. వీడియో పెట్టే వీలుంటే పాంపేయిలో తీసిన కచేరీ సినిమాలోంచి ఇదే పాటకు ఇంకో రూపం చూపించండి, అందులో నాబ్స్ అనే బోర్జాయ్ కుక్క ముందు మైకు పట్టుకుంటారు, పింక్ ఫ్లాయిడ్ గిటారిస్టు గిల్మర్ మౌతార్గాన్ వాయిస్తుంటే అది తల పైకెత్తి అందుకుంటుంది.

'ఓల్డ్ షెప్' మాత్రం వద్దు. ఎల్విస్ పదేళ్ళ వయసులో పోటీలో పాడిన పాటే గానీ అందులో కుక్క చచ్చిపోతుంది, ఇంట్లో ముసలి కుక్క ఉన్నవాళ్ళు ఒక్కరున్నా తర్వాతి రౌండ్ మొదలుపెట్టడం మీవల్ల కాదు.